క్షమించే హక్కు ఎవరిది?

పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ చిన్న దేశం. జనాభాలో నాలుగింట మూడొంతుల మంది ముస్లిములు, తక్కినవారిలో అత్యధికులు క్రైస్తవులు. ఒకే ఇంట్లో ఇరు మతాలవారూ ఉండడం అక్కడ వింత కాదు. 1996లో అధ్యక్షుడైన అహ్మద్ తేజాన్ కబ్బా ముస్లిము, ఆయన సతీమణి పట్రీషియా క్రైస్తవురాలు. కనుక 1991 మార్చిలో మొదలై 2002 జనవరిలో ముగిసిన అక్కడి అంతర్యుద్ధం మతం పేర జరిగింది కాదు. వజ్రాల గనులు, అవినీతి పాలన, పనిలేని యువత, పొరుగున లైబీరియా నుంచి అందిన అండదండలు దానికి మూలాలు. సుమారు 50 వేల మంది బలైపోయారని అంచనా.

తిరుగుబాటుదారులు పల్లెల మీద పడి ఆడపిల్లలను ఎత్తుకుపోయారు. 'భార్య' అని పేరు పెట్టి అడవుల్లో ఉంచుకున్నారు. వంట వండించారు, మూటలు మోయించారు, బలవంతాన తల్లులను చేశారు. 'అడవి భార్యలు' అన్న మాట అలా పుట్టింది. నికాహ్ అంటే ఏమిటో ఎరిగినవారికి ఈ మాట వింటేనే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. తన ఇష్టానికి విరుద్ధంగా తండ్రి పెళ్ళి చేశాడని హజ్రత్ ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి) మొరపెట్టుకుంటే, దైవప్రవక్త (స) ఆ వివాహాన్నే రద్దు చేసిన సంగతి సహీహ్ బుఖారీలో ఉంది. కన్నతండ్రి చేసిన పెళ్ళే చెల్లనప్పుడు తుపాకీ చూపి తగిలించిన పేరు ఏపాటిది? ఫ్రీటౌన్‌లోని ప్రత్యేక న్యాయస్థానపు అప్పీలు విభాగం 2008లో బలవంతపు వివాహాన్ని మానవాళిపై జరిగిన నేరంగా గుర్తించింది. లోకం ఆ మాట అనడానికి ఇంతకాలం పట్టింది!

యుద్ధం చివర 70 వేల మందికి పైగా ఆయుధాలు వదిలి, ప్రభుత్వ సాయానికి అర్హులయ్యారు. అప్పగించడానికి తుపాకీ లేని ఈ ఆడపిల్లల్లో చాలామంది ఆ లెక్కలోకే రాలేదు. కొందరిని ఊళ్ళు అక్కున చేర్చుకున్నాయి, మరికొందరిని శత్రువు బిడ్డను ఎత్తుకొచ్చావని ఈసడించాయి. ఎత్తుకుపోయినవాడి దగ్గరే ఉండిపోయినవారూ ఉన్నారు. దాన్ని ప్రేమ అనాలో దిక్కులేనితనం అనాలో దూరాన కూర్చుని మనం చెప్పలేం. మోసపోయి తిరిగొచ్చిన కూతురికి తలుపు తీయని ఇళ్ళు మన వీధుల్లో లేవా?

ఇక పురుషుల సంగతి. 1999 జూలై 7న లోమేలో కుదిరిన ఒప్పందం తిరుగుబాటుదారులందరికీ సంపూర్ణ క్షమాభిక్ష ప్రసాదించింది. వారి నాయకుడు ఫొడే సాంకోకు ఉపాధ్యక్ష హోదా, పైగా ఖనిజ వనరుల కమిషన్ అధ్యక్ష పదవి దక్కాయి. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. ఏడాది తిరగకముందే, 2000 మేలో, వారు వందలాది ఐక్యరాజ్యసమితి సైనికులను నిర్బంధించి మాట తప్పారు. ఆ ముట్టడిలో చిక్కినవారిలో మన భారతీయ సైనికులూ ఉన్నారు.

కాల్పులు ఆపడానికి రాజీ తప్పదన్న వాదనను కొట్టిపారేయలేం. కాని లోమేలో మన్నించినవారెవరు? అక్కడ సంతకాలు పెట్టినవారి చేతులు తెగలేదు. హత్య విషయంలో మన్నించే అధికారాన్ని దివ్యఖుర్ఆన్ మృతుని వారసులకు ఇచ్చింది. ఉహుద్‌లో తన పినతండ్రి హజ్రత్ హమ్జా (రజి)ను చంపిన వహ్షీ, తర్వాత ఇస్లాం స్వీకరించి వచ్చినప్పుడు దైవప్రవక్త (స) ఆయనను శిక్షించలేదు. అయితే తన కంటపడకుండా ఉండగలవా అని అడిగారు. ప్రతీకారం వదిలేసిన హృదయంలోనూ గాయం ఉంటుంది. దాన్ని దాచుకొమ్మని ఎవరూ ఆజ్ఞాపించలేరు.

ఈ సంగతి సియెర్రా లియోన్ పల్లెలు గ్రహించినట్టున్నాయి. 2008లో కైలాహున్ జిల్లాలో 'ఫాంబుల్ టాక్' పేర, అంటే 'కుటుంబ ముచ్చట' పేర, ఒక ప్రయత్నం మొదలైంది. రాత్రివేళ ఊరి మధ్య నెగడు వేసి చుట్టూ కూర్చుంటారు. చేసినవాడు తాను చేసింది చెబుతాడు, పడినవారు తాము పడింది చెబుతారు. మన్నింపు అడుగుతారు. ఒకే బావి నీళ్ళు తాగి బతకవలసినవారికి ఇది చిన్న విషయం కాదు. అయినా ఊరంతా వింటుండగా ఒక స్త్రీ తన శీలంపై జరిగిన దాడిని ఎలా చెప్పుకోగలదు? ఆ మంట చుట్టూ కూడా ఆమె మౌనంగానే కూర్చుందేమో.

ఆ అడవుల్లో పుట్టిన బిడ్డలు ఇప్పుడు పెళ్ళీడుకు వచ్చారు. నికాహ్ రోజున తండ్రి పేరు అడుగుతారు. ఆ పేరు చెప్పవలసింది తల్లే.