"శ్రద్ధ లేదు" అంటే ఏమిటి మాస్టారూ?

ప్రోగ్రెస్ కార్డులో రిమార్కుల గడి బెత్తెడు కూడా ఉండదు. అందులో "లెక్కల్లో వీక్", "శ్రద్ధ లేదు" అని రెండు ముక్కలు రాసేస్తారు. రాసినవారికి అక్కడితో సరి. కాని కడియం నర్సరీలో పొద్దుటి నుంచీ సంచులకు మట్టి నింపి వచ్చిన తండ్రికి అది కోర్టు తీర్పు! "వీడికి చదువబ్బదులే, అంటు కట్టడం నేర్పుదాం" అంటాడు. ఆడపిల్లయితే ఆ మాటైనా అనకుండానే మానిపించేస్తారు.

అదే తండ్రి మొక్క పాలిపోతే "వీక్" అని ఊరుకుంటాడా? ముదురాకు ముందుగా పసుపెక్కితే నత్రజని చాల్లేదన్నమాట. లేతాకు తెల్లబోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. లోపమేదో తెలిస్తేనే గదా మందు! మరి లెక్కల్లో వీక్ అంటే దేంట్లోనండీ? అప్పు తెచ్చుకునే తీసివేతలోనా, భిన్నాల్లోనా? అసలు బోర్డే కనబడటం లేదేమో! (కళ్లజోడుతో పోయేదాన్ని మొద్దుతనం కింద జమకట్టే ఇళ్లు లేకపోలేదు.)

క్లాసు నిండా పిల్లలుంటే అందరికీ వివరంగా రాయడం కష్టమే, కాదనను. అయితే 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షను ప్రకారం తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి తెలియజెప్పడం ఉపాధ్యాయుల విధి. తెలియజెప్పడమంటే కార్డు మీద సంతకం పుచ్చుకోవడం కాదు గదా!

మనలో ఇంటికి మొదటి కాలేజీ చదువు మనదే అయినవాళ్లం చాలామందిమి. తమ్ముడి కార్డు, చెల్లెలి కార్డు చదివి చెప్పేది మనమే. ఈసారి నాన్నగారిని వెంటబెట్టుకుని బడికెళ్లి, "ఏ లెక్క దగ్గర ఆగిపోతున్నాడండీ?" అని అడుగుదాం. కార్డొక్కటే కాదు, నోటుపుస్తకం కూడా పట్టుకెళ్లాలి సుమా.