తల్లుల నుడిలో పోషణపాఠము

గోదావరిఖనిలో గని షిఫ్టుల ననుసరించి వేళగానివేళల పొయ్యి వెలిగించు ఇల్లాలికి, తన మూడేండ్ల బిడ్డ తోటివారికంటె పొట్టిగా నున్నచో, అది తండ్రిపోలిక యని తోచుట సహజమే. కాని గర్భస్థదశ మొదలు రెండవ పుట్టినరోజు వరకు గల వేయిదినములలోని ఆహారలోపమును, మాటిమాటికి సోకు విరేచనములును బిడ్డ ఎదుగుదలను కుంటుపరచునని ఆమెకు తెలియునట్లు చెప్పువారెవరు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి, తెలంగాణమున అయిదేండ్లలోపు బిడ్డలలో వయస్సుకు తగిన ఎత్తు లేనివారు 2015-16లో నూటికి 28 మంది కాగా, 2019-21 నాటికి 33 మందియైరి. ఆ కాలముననే ఆరోగ్యలక్ష్మి పథకము గర్భిణులకును బాలింతలకును అంగన్‌వాడీలలో పూటభోజనమును, గ్రుడ్డును, పాలను సమకూర్చుచుండెను. ఆహారము నిచ్చుట యెంత యావశ్యకమో, దాని వినియోగమును బోధించుటయు నంతే యావశ్యకమని నా దృఢాభిప్రాయము. పసిబిడ్డలకై అంగన్‌వాడీ నుండి ఇంటికి చేరిన బాలామృతమను పోషకపు పిండి ఇంటిల్లిపాదికి పంచబడినచో పసివానికి దక్కునదెంత? ఆరునెలలు నిండినంతనే తల్లిపాలతోపాటు మెత్తని పప్పన్నము, పిదప గ్రుడ్డు పెట్టవలెనను మాట కార్యాలయభాషలో అచ్చొత్తిన గోడపత్రముననే నిలిచిపోరాదు.

గోదావరిఖని తల్లులు ఇంట మాటలాడుకొను తెలుగులోనే, చదువు రానివారికి బొమ్మలతోను పాటలతోను, పొట్టకూటికై ఉత్తరాదినుండి వచ్చినవారికి హిందీలోను ఆ పాఠము సిద్ధము కావలెను. కార్మిక కుటుంబస్త్రీలకు వృత్తిశిక్షణ మిచ్చు సింగరేణి బొగ్గుగనుల సంస్థవారి సేవాసమితి ఈ పాఠమును కాంట్రాక్టు కార్మికుల అద్దెగదులకును చేర్పవలెను. అంగన్‌వాడీలో బిడ్డ ఎత్తును కొలిచిన ప్రతిసారి, ఆ అంకె యర్థమును తల్లికి అక్కడికక్కడనే విశదపరుపవలెను.