విల్లు పడితే కేసు, పల్లకి మీద వేస్తే భక్తి

"డిగ్రీ చదివినోడివి, ఇప్పుడు విల్లు నేర్చుకునేదేందిరా?"

ఈ మాట గూడెంలో పెద్దోళ్లు అంటున్నారు. ఆఫీసుల్లో సార్లు అంటున్నారు. మన హక్కుల కోసం మనతో పాటు నడిచే టౌను మిత్రులు కూడా అంటున్నారు. మాట ఒకటే గానీ భయాలు వేరు. పెద్దోళ్లకి కేసు భయం. సార్లకి పులి భయం. మిత్రులకి మనం మళ్లీ "వెనక్కి" పోతామని భయం. కాబట్టి ఎవరి జవాబు వాళ్లకి చెప్పాల్సిందే.

ముందు కేసు సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తీసి రెండో సెక్షన్ చదవండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. "ఆయుధం" అంటే ఏందో అక్కడ రాసిపెట్టారు. తుపాకీ, మందుగుండు, విషం, ఉచ్చు, వల, కత్తి. వాటి మధ్యనే విల్లు, బాణాలు అని పేరు పెట్టి మరీ ఉంది. ఇంక 31వ సెక్షన్: చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరూ ఆయుధంతో అభయారణ్యంలోకి ప్రవేశించకూడదు. కర్నూలు టౌనులో కూర్చొని చదివితే సబబుగానే అనిపిస్తుంది. కానీ పెచ్చెరువులో పుట్టినోడు అడవిలోకి "ప్రవేశించేది" ఎప్పుడు? వాడి ఉయ్యాల కట్టిందే అడవిలో. నల్లమల 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. మా తాతల చూరు కింద విల్లు అంతకు ముందు నుంచే ఉంది. చట్టం వచ్చి చూరులోకి ప్రవేశించింది గానీ, విల్లు పోయి చట్టంలోకి దూరలేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1972 చట్టం వచ్చిన రోజే వేట పూర్తిగా ఆగలేదు. లైసెన్సు మీద వేటాడుకునే వీలు అందులోనే పెట్టారు. 1991 సవరణతో గానీ అది పోలేదు. అంటే దాదాపు ఇరవై ఏళ్లు, లైసెన్సు తెచ్చుకోగలిగినోడికి వేట ఒక సరదా. ఆఫీసు మెట్లెక్కని చెంచుకి అదే పని నేరం. తర్వాత 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, మన చరిత్రలో జరిగిన అన్యాయాన్ని సరిదిద్దుతామని పీఠికలోనే రాసుకుంది. మూడో సెక్షన్‌లో సంప్రదాయ హక్కులన్నీ ఇస్తూ ఇస్తూ (ఎల్) క్లాజు దగ్గరికొచ్చి వేట హక్కు ఒక్కటి మినహాయించారు. తేనె మనది, చింతపండు మనది, సాగు చేసుకునే నేల మనది. విల్లు మాత్రం మనది కాదు.

మరి అహోబిలంలో ఎట్లా మనదైంది?

కనుమ నాడు పారువేట మొదలైతే స్వామి పల్లకి మీద మొదట బాణం వేసేది చెంచులే. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి నరసింహస్వామి మా ఇంటి అల్లుడు. ఆ తర్వాత నలభై రోజులకు పైగా ఆ పల్లకి ఊరూరా తిరుగుతుంది. ఆ రోజు మా వాళ్ల చేతిలో విల్లు చూసి అధికారులు కూడా దండం పెడతారు. ఫోటోలు పేపర్లో వస్తాయి. అదే మనిషి, అదే విల్లు, మరుసటి వారం అడవి దారిలో కనిపిస్తే ఏమవుతుందో గూడెంలో ఏ అవ్వనడిగినా చెప్తుంది. మన విల్లు దేవుడి ముందు పవిత్రం, దేవుడి అడవిలో సాక్ష్యం.

ఇప్పుడు పులి భయం ఉన్న సార్లకి. దాన్ని నేను తేలిగ్గా తీసేయను. పులి బతకాలంటే దుప్పి, కణితి ఉండాలి. గూడెం గూడెమంతా వాటి మీద పడితే పులికి తిండి ఉండదు. అందుకే "పదండి, దుప్పిని కొడదాం" అని నేను ఎవరికీ చెప్పడం లేదు. కానీ అడవిని ఖాళీ చేసింది వెదురు విల్లా? దొరల తుపాకులు కాదా? ఇప్పటికీ కరెంటు తీగెలు, నాటుబాంబులు, ఉచ్చులు కాదా? కరెంటు తీగె రాత్రంతా కాపు కాసి ఏది వస్తే దాన్ని చంపుతుంది, పిల్ల తల్లినైనా, మనిషినైనా. విల్లుతో కొట్టాలంటే జంతువుకి పాతిక ముప్పై అడుగుల దాకా పోవాలి. గాలి ఎటు వీస్తుందో తెలియాలి, అది ఏ జంతువో, సూడిదో కాదో చూడాలి. చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగి రావాలి. అంతగా చూడడం అలవాటైన కళ్లు పులికి శత్రువులెట్లా అవుతాయి? ఫారెస్టోళ్లు బేస్ క్యాంపుల్లో పులి అడుగులు వెతకడానికి పెట్టుకున్నది చెంచు వాచర్లనే కదా. అడుగు చూసే కన్ను ఎక్కడ తయారైందనుకుంటున్నారు సార్?

కడప జిల్లా మాటే తీసుకోండి. కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. ఇక లేదనుకున్నారు. 1986లో సిద్ధవటం దగ్గర అది మళ్లీ దొరికింది. రాత్రిపూట లైటు వేసి పట్టి చూపించింది ఒక స్థానిక వేటగాడు. శాస్త్రవేత్తలు వెతికారు, కష్టపడ్డారు, కాదనను. ఆ పిట్ట ఉన్నట్టు రుజువు చేసింది మాత్రం వేటగాడి చెయ్యి. దాని పేరు మీదే తర్వాత లంకమల అభయారణ్యం నిలబడింది. ఆ అభయారణ్యంలో ఇప్పుడు వేటగాడికే చోటు లేదు.

పంటలు పాడు చేసే అడవిపందిని కొట్టడానికి అదే చట్టంలో 11వ సెక్షన్ దారి చూపిస్తుంది. కేరళలో దాన్నే వాడి పంచాయతీల ద్వారా అనుమతులిస్తున్నారు. దక్కేది లైసెన్సు తుపాకీ ఉన్నోళ్లకి. తుపాకీ కొనలేని ఆదివాసీ పొలం గట్టు మీద నిలబడి చూడాలి.

ఇక "వెనక్కి పోతున్నావు" అనే మిత్రులకి. నేను ఎక్కడికి పోతున్నాను? ఆరేళ్లప్పుడు హాస్టల్లో వేశారు. మా ఈడు పిల్లలు ఈతపుల్లల బాణాలతో తొండల్ని గురి చూసే వయసులో నేను ఎక్కాలు వల్లెవేశాను. ఎక్కాలు వచ్చాయి, మంచిదే. ఇరవై నాలుగేళ్లకి మా మామ దగ్గర విల్లు పట్టుకుంటే ఒళ్లే నా మాట వినలేదు. పిల్లప్పుడు నేర్చుకున్నోడికి భుజం దానంతటదే వెనక్కి పోతుంది. పెద్దయ్యాక నేర్చుకునేవాడు చేతి బలంతో లాగుతాడు, పిడికిలి బిగిస్తాడు, బాణం మొన వైపు చూస్తాడు. తాడు వచ్చి మోచేతి కింద చెళ్లున కొడుతుంది, వారం పాటు నల్లగా కమిలిపోతుంది. "మొనని చూడొద్దురా, పడాల్సిన చోటు చూడు" అనేవాడు మామ. మూడు నెలలకి గడ్డి మోపు మీద పది బాణాల్లో నాలుగు దిగాయి. ఆ నాలుగూ హాస్టల్ ఫీజు కట్టి నేర్చుకునేవి కావు. మామ పోతే నేర్పేవాడుండడు. నాకు తొందరంతా అక్కడే.

ఆటగా నేర్చుకోవచ్చు కదా అంటారు. నేర్చుకోవాలి. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది, గర్వంగా ఉంది. రాజస్థాన్ ఆదివాసీ లింబా రామ్ వెదురు విల్లుతో మొదలుపెట్టి మూడు ఒలింపిక్స్ ఆడాడు. కానీ ఆ పోటీ విల్లుల ధర లక్షల్లో ఉంటుంది. ఏకలవ్యుడి పేరు మన బడులకి పెట్టారు. మీ దగ్గరున్న బడిలో విల్లు నేర్పే సారు ఉన్నాడేమో పోయి అడగండి. బొటనవేలు పోగొట్టుకున్న పిల్లోడి పేరు బోర్డు మీద రాయడం సులభం.

రిసార్టుల్లో టూరిస్టు చేతికి విల్లిచ్చి, పక్కన పూసల దండలతో మనల్ని నిలబెట్టే పని మాత్రం ఒప్పుకోవద్దు. దానికి అనుమతి దొరుకుతుంది, చూస్తూ ఉండండి.

మనం చేయాల్సింది ఈ ఎండాకాలమే మొదలుపెట్టొచ్చు. ప్రతి గూడెంలో గ్రామసభ పెట్టి, ఇంట్లో విల్లు ఉండడం, గూడెం హద్దుల్లో పిల్లలకి నేర్పడం మా ఆచారం అని తీర్మానం రాయించండి. ఆవాస హక్కు దరఖాస్తులో, అదే మూడో సెక్షన్ (ఇ) క్లాజు కింద, ఆ తీర్మానం జత చేయండి. 31వ సెక్షన్ అనుమతి కావాలంటున్నారు కదా, రాతపూర్వకంగానే అడుగుదాం, గూడెం పేరుతో, అందరి వేలిముద్రలతో. కాదంటే కాదని రాతపూర్వకంగానే ఇమ్మందాం. అవ్వల వేలిముద్రలు ముందు వేయించండి, వాళ్లకి కేసు భయం మనకంటే తక్కువ.