శ్మశానంలో దాచిన సాక్ష్యం

ఒక జాతిని తుడిచిపెట్టాలంటే సైన్యం ఒక్కటే చాలదు. లోకం నోరు మూసుకోవాలి. జాన్ పిల్జర్, డేవిడ్ మన్రో 1994లో తీసిన 'డెత్ ఆఫ్ ఎ నేషన్' డాక్యుమెంటరీ చూశాక మాకు అర్థమైన సంగతి ఇది.

తైమూరు దీవిలో తూర్పు సగం పోర్చుగల్ వలస. 1975 నవంబర్ 28న అక్కడ స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. తొమ్మిదో రోజుకే, డిసెంబర్ 7న, ఇండోనేషియా సైన్యం దిలీ నగరం మీద పడింది. ముందురోజు అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్, విదేశాంగ మంత్రి కిసింజర్ జకార్తాలో సుహార్తోతోనే ఉన్నారు. దాడికి వాళ్లు తలూపారని 2001లో బయటికొచ్చిన అమెరికా పత్రాలే చెప్పాయి. బ్రిటన్ ఇండోనేషియాకు యుద్ధ విమానాలమ్మింది. ఆస్ట్రేలియా 1989లో తైమూరు సముద్రంలోని చమురు పంపకానికి ఒప్పందం చేసుకుంది. ఆ సముద్రం మీద ఎగిరే విమానంలో రెండు దేశాల విదేశాంగ మంత్రులు షాంపేన్ గ్లాసులెత్తారు. కింద నేల మీద జనం చస్తున్నారు.

చచ్చిందెందరు? చిత్రం రెండు లక్షలంటుంది. తక్కువలో తక్కువ లక్షకు పైగానే అని 2005లో తైమూరు సత్యశోధన కమిషన్ తేల్చింది. దాడినాటికి అక్కడి జనాభా ఏడు లక్షలకు మించదు!

1991 నవంబర్ 12న దిలీలోని శాంతాక్రూజ్ శ్మశానంలో, ఒక యువకుడికి నివాళులర్పించడానికి ఊరేగింపుగా వచ్చిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. అక్కడే ఉన్న మాక్స్ స్టాల్ ఆ మారణకాండను చిత్రీకరించాడు. టేపులను సమాధుల మధ్య పూడ్చి, రాత్రి తవ్వితీసి, దేశం దాటించాడు. సర్కార్లు పదహారేళ్లు దాచింది ఆ టేపులతో బట్టబయలైంది.

అమెరికాను తిట్టి ఊరుకుందామా? 1975 డిసెంబర్ 12న, ఇండోనేషియా సైన్యం వెనక్కి పోవాలన్న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ తీర్మానానికి పది దేశాలు అడ్డంగా ఓటేశాయి. అందులో మన దేశం ఒకటి. వలస పాలన కింద నలిగిన దేశమే ఇంకొకరి ఆక్రమణకు చెయ్యెత్తింది. ఈ ముచ్చట మనలో ఎందరికి తెలుసు?

1999 ఆగస్టు 30 రెఫరెండంలో 78.5 శాతం మంది స్వాతంత్ర్యం కోరారు. 2002 మే 20న తూర్పు తైమూరు స్వతంత్ర దేశమైంది. చిత్రం పేరు తప్పింది. జాతి చావలేదు.

విద్యార్థులు హాస్టళ్లలో, ఉద్యోగులు యూనియన్ ఆఫీసుల్లో ఈ చిత్రం వేసుకొని చూడాలి. చూశాక ఒక్క ప్రశ్న వేయాలి: మన పేరు మీద మన సర్కారు ఎక్కడెక్కడ, ఎవరికి చెయ్యెత్తుతున్నది?