నాన్నా, ఆటోలో పెట్టు!

మనలో చాలామందికి ఆఫీసు ఉద్యోగంతోపాటు జీతం లేని ఇంకో ఉద్యోగం ఉంటుంది. అమ్మానాన్నల ఫోన్లకు కస్టమర్ కేర్! ‘అది కాదు, పైన మూడు చుక్కలు నొక్కు’ అని రెండుసార్లు చెబుతాం. మూడోసారి ‘ఇటివ్వు, నేను చేస్తా’ అంటాం. ఆ ‘ఇటివ్వు’ గురించే ఈ వారం.

మా నాన్నకి ఫొటోలంటే పిచ్చి. నా చిన్నప్పుడు ఆయన దగ్గర పెంటాక్స్ కె1000 ఉండేది. అన్నీ చేత్తోనే సెట్ చేసుకోవాలి. రోల్‌కి 36 ఫొటోలు, అంతే. ఆదివారాలు నన్ను స్కూటర్ మీద బేగంపేట తీసుకెళ్లి, రోడ్డు పక్కన ఆపి, నెత్తిమీదుగా దిగే విమానాలు చూపించేవారు. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలయ్యాక ఆ ముచ్చట ఆగిపోయింది. తర్వాత నా చదువు, ఉద్యోగం. మా మాటలు ‘తిన్నావా?’, ‘తిన్నా’ దగ్గరికొచ్చి ఆగాయి.

ఆయన రిటైరయ్యాక మిర్రర్‌లెస్ కెమెరా కొనిచ్చా. 2024 జనవరిలో అదే బేగంపేటలో ‘వింగ్స్ ఇండియా’ జరుగుతుంటే తీసుకెళ్లా. చెరో కెమెరా.

లోపల ఎయిరిండియా కొత్త ఎ350 నిలబెట్టి ఉంది. నాన్న కెమెరా కంటికి ఆనించి, ఏదో తిప్పి, ఆగి, మళ్లీ తిప్పుతున్నారు. నాకు ఓపిక లేదు. ‘నాన్నా, ఆటోలో పెట్టు’ అన్నా. కాసేపటికి మళ్లీ అదే. ‘ఇటివ్వు’ అని తీసుకుని నేనే ఆటోలో పెట్టిచ్చా. ఇలా మూడుసార్లు. సాయం చేస్తున్నాననే అనుకున్నా.

తర్వాత చూస్తే ఆయన కెమెరా బ్యాగులో ఉంది. ‘తీయవా?’ అంటే, ‘నువ్వు తీస్తున్నావుగా, చాల్లే’ అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే. అదే గుచ్చుకుంది. ఆయన సరదా కోసమని తీసుకొచ్చి, ఆ సరదా నేనే లాగేసుకున్నా.

సారీ చెప్పుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు. ఇంతలో వాయుసేన సారంగ్ బృందం లేచింది. సారంగ్ అంటే నెమలి. ఎర్రటి ధ్రువ్ హెలికాప్టర్లు ఎదురెదురుగా వచ్చి పక్కపక్కనుంచి దూసుకుపోతుంటే, బర్స్ట్‌లో టకటకా లాగించేశా. స్క్రీన్ చూపించి, ‘ఎలా ఉన్నాయి?’ అని అడిగా.

నాన్న కళ్లజోడు పైకి తోసి చూశారు.

‘బాగున్నాయి. కానీ రెక్కలు ఆగిపోయాయిరా. దారం కట్టి వేలాడదీసిన బొమ్మలా ఉంది. షటర్ ఎంత?’

‘1/2000.’

‘అది జెట్‌కి. ఫ్యాన్ తిరిగేవాటికి 125కి దించు. హెలికాప్టర్‌తోపాటు నడుం తిప్పు. నొక్కాక కూడా ఆపకు.’

మొదటి అయిదారూ అలుక్కుపోయాయి. ఆయన మాత్రం ‘ఇటివ్వు’ అనలేదు. పక్కనే నిలబడి, ‘మోచేతులు ఒంటికి ఆనించు’ అన్నారంతే. చివరికి ఒకటి కుదిరింది. హెలికాప్టర్ స్పష్టంగా ఉంది, పైన రెక్కలు గిర్రున తిరుగుతున్నట్టున్నాయి.

‘నువ్వూ తియ్యి నాన్నా’ అన్నా. బ్యాగు జిప్ తెరిచి, డయల్‌ని ఆటో నుంచి మార్చారు. నేను నోరు మూసుకున్నా.

రాత్రి లెక్కేసి చూశా. ధ్రువ్ పెద్ద రెక్కలు సెకనుకు దాదాపు 5 చుట్లు తిరుగుతాయి. 1/2000 సెకనులో కదిలేది ఒక్క డిగ్రీ. 1/125లో దాదాపు 15. నేను కాలిక్యులేటర్‌తో తెలుసుకున్నది ఆయన కంటితోనే చెప్పేశారు.

నేను తీసినవి 900 పైనే. నాన్నవి 14. వాటిలో సగం మసకే. ‘డిలీట్ చేసేయనా?’ అని చెయ్యి చాచా.

‘ఉంచు. ఎక్కడ తప్పిందో నేను చూసుకోవాలి’ అన్నారు.

చెయ్యి వెనక్కి తీసుకున్నా. ఈసారి ఇంట్లో ఎవరైనా ఫోన్ పట్టుకుని మీ దగ్గరికొస్తే, మీరూ చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే చెప్పి చూడండి. కష్టమే, కానీ అవుతుంది.

ఇప్పుడు ఆదివారం ఉదయాలు నాన్న వాట్సాప్‌లో పిట్టల ఫొటోలు పంపుతారు. ‘తిన్నావా?’కి ముందే నేను అడిగేది ఒకటుంది.

‘షటర్ ఎంత?’