కాలిలో ముల్లు ఎక్స్‌రేకు దొరకదు

చేలో దిగిన తుమ్మ ముల్లు విరిగి పాదంలో వుండిపోవడం పల్లెల్లో కొత్త సంగతి కాదు. పిన్నీసుతో కెలకడం, జిల్లేడు పాలు పూయడం, వారం గడిచి కాలు వాచాక పట్నం బయలుదేరడం మామూలే. అక్కడ ఎక్స్‌రే తీస్తారు. ‘ఏమీ లేదు, ఎముక బాగానే వుంది’ అని మాత్రలిచ్చి పంపుతారు. ముల్లు మాత్రం లోపలే వుంటుంది. కొన్నాళ్ళకు మళ్ళీ చీము పడుతుంది.

తప్పు ఎక్స్‌రేది కాదు. మేకు, సూది, చాలావరకు గాజుపెంకు కూడా అందులో కనిపిస్తాయి. ముల్లు, వెదురు పేడు, కర్ర పుల్ల సాధారణంగా కనిపించవు. వాటిని పట్టగలిగేది గర్భిణులకు తీసే స్కానింగే. చెవికి వినపడని శబ్దాన్ని ఒంట్లోకి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనితో బొమ్మ కట్టే యంత్రమది. తెర మీద ముల్లు తెల్లని గీతలా, చుట్టూ చేరిన చీము నల్లగా కనిపిస్తాయి. ఎంత లోతున వున్నదీ, ఎటు వాలి వున్నదీ తెలుస్తుంది కాబట్టి చిన్న కోతతో పని జరుగుతుంది. అయితే స్కానింగ్ కోతకు ముందే జరగాలి. కోసి వెదికిన తరువాత తీస్తే లోపల చేరిన గాలి బొమ్మను చెడగొడుతుంది.

చక్కెర జబ్బు వున్నవారి సంగతి మరీ ముఖ్యం. పాదంలో స్పర్శ తగ్గినవారికి ముల్లు దిగినట్టే తెలియకపోవచ్చు. పుండు ముదిరి వేలు, ఒక్కోసారి కాలే తీసివేయవలసి వస్తుంది.

మడమ వెనుక ‘పెద్ద నరం’ అని జనం చెప్పుకునేది నిజానికి నరం కాదు, పిక్క కండను మడమ ఎముకకు బిగించే కట్టు. గట్టు మీద జారి అది తెగినా ఎక్స్‌రేలో ఎముక నిక్షేపంగా వుంటుంది. స్కానింగ్‌లో పాదాన్ని ఆడించి తెగిన సందు చూడవచ్చు. అలాగని ప్రతి మడమ నొప్పికీ స్కానింగ్ అక్కర లేదు. చాలావాటికి డాక్టరు వేలితో నొక్కి చూస్తే చాలు. ఎముక విరిగిందేమో చూడడానికి మొదట ఎక్స్‌రేయే తీయాలి.

స్కానింగ్ గర్భిణులకేనన్న భావన ఇంకా పోలేదు. చట్టం ఒప్పుకోదని కూడా కొందరంటారు. 1994లో వచ్చిన చట్టం గర్భస్థ శిశువు ఆడో మగో చెప్పడాన్ని నిషేధించింది, యంత్రాలను రిజిస్టరు చేయించమన్నది. పాదం చూడవద్దని అందులో ఎక్కడా లేదు.

అసలు కొరత వేరే వున్నది. కడుపు చూసే ప్రోబు లోతుకు పోయేది. పాదానికి పైపైనే స్పష్టంగా చూపే మరో రకం ప్రోబు కావాలి. చాలా యంత్రాలకు దానిని తగిలించుకోవచ్చు. దానితో చూడడం నేర్చిన చెయ్యి కూడా వుండాలి. జిల్లా, ఏరియా ఆసుపత్రులలో ఆ ప్రోబు వుందో లేదో అధికారులు తేల్చాలి. వుంటే వారానికి ఒక పూటయినా పాదాలకు కేటాయించాలి. నాట్లు మొదలయ్యేలోగా ఈ పని జరగాలి. రోగి కూడా చీటీ రాయించుకునేటప్పుడే ముల్లు విరిగిందన్న మాట చెప్పాలి. చెప్పకపోతే మాత్రలు రాసేముందు డాక్టరే అడగాలి.