"సూపర్ అన్నా" అంటే నా ఫోటో బాగుపడదు



పోయిన దీపావళికి ఊరికి పోయినప్పుడు దండారిలో ఒక ఫోటో తీసిన. గుస్సాడీ నెమలి పింఛాల టోపీతో ఆడుతుంటే దూరం నుంచి జూమ్ చేసి కొట్టిన. ఇక్కడ మీ అందరికీ, హాస్టల్ దోస్తులకూ చూపించిన. "సూపర్ అన్నా", "కేక", దండాల బొమ్మలు, నిప్పు బొమ్మలు. రెండు రోజులు గాల్లో తేలిన.

మూడో రోజు హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న ఫోన్ తీసుకుని చూసిండు. "నా కన్ను ముందు ఎక్కడికి పోయిందో తెలుసా తమ్మీ? వెనకున్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ మీదికి. ఇంకోటి, జూమ్ చేసినవ్, అందుకే పింఛాలకు క్లారిటీ పోయింది. నాలుగడుగులు దగ్గరికి పోయి తియ్యాల్సింది" అన్నడు. కోపమొచ్చింది. రాత్రి పడుకునే ముందు మళ్లీ చూసుకున్న. నిజమే, కుర్చీయే కనబడుతోంది!

మనోళ్ల ఫోటోకు తప్పు చెప్పాలంటే మనకు నోరు రాదు. కారణం నాకు తెలుసు. మనల్ని తక్కువ చేసి మాట్లాడేటోళ్లు బయట చాలామంది ఉన్నరు, మనం మనం కూడా ఎందుకు అనుకోవాలె అనిపిస్తది. కానీ ఊరికే మెచ్చుకుంటే ఎదుటివాడు పోయినేడాది ఎక్కడున్నడో ఈ ఏడాదీ అక్కడే ఉంటడు.

అట్లని నోటికొచ్చింది అనమని కాదు. ఆ తప్పు నేనే చేసిన. ఒక జూనియర్ తమ్ముడు వాళ్లమ్మ పొద్దున్నే ఇప్పపువ్వు ఏరుతున్న ఫోటో చూపిస్తే, "ఏముంది ఇందులో, అంతా నల్లగా ఉంది" అన్న. వాడు ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయిండు. మళ్లీ ఏ ఫోటో చూపించలేదు. ఎండ అమ్మ వెనక నుంచి పడుతోంది, అందుకే మొహం చీకటైంది. స్క్రీన్ మీద ఆమె మొహం దగ్గర వేలు పెట్టి వెలుతురు పెంచినా, తనే అవతలి పక్కకు తిరిగి తీసినా సరిపోయేది. ఆ మాట నేను చెప్పలేదు. నేను ఫోటో గురించి అన్న, వాడికి వాళ్లమ్మ గురించి అన్నట్టు వినబడ్డది.

అందుకే ఇప్పుడు నాకు నేను కొన్ని పద్ధతులు పెట్టుకున్న.

అడిగేటప్పుడు "ఎట్లుంది?" అని వదిలెయ్యొద్దు. "అమ్మ అలసట కనబడాలనుకున్న, కనబడుతుందా?" అని ఒక్క ప్రశ్న అడగాలె. ఎవరైనా జవాబు చెప్తే వెంటనే "అప్పుడు లైట్ లేదు" అని వాదించొద్దు, ముందు వినాలె. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గుతది, డాక్యుమెంట్‌గా పంపాలె.

చెప్పేటప్పుడు మూడు చెప్పాలె: నా కన్ను ముందు ఎక్కడ ఆగింది, ఏది అడ్డమొచ్చింది, ఈసారి ఏం చేస్తే బాగుంటది. నచ్చితే ఏది నచ్చిందో కూడా చెప్పాలె. "చేతుల మీద వెలుతురు మంచిగ పడ్డది" అంటే మళ్లీ అట్లనే తీస్తడు. "సూపర్" అంటే దేన్ని నిలబెట్టుకోవాలో తెల్వదు.

సంక్రాంతికి అదే గుస్సాడీ ఫోటో తాతకు చూపించిన. ఫోన్ దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూసి, "వాయించేటోళ్లు ఏరి?" అన్నడు.

కుర్చీ కన్నా పెద్ద తప్పు అది. గుమేల, పెప్రె లేకుండా దండారి ఎక్కడిది? బయటి నుంచి వచ్చే కెమెరాలు చాలావరకు పింఛాల దగ్గరే ఆగిపోతాయి. మన ఊరోన్ని అయ్యుండి నేనూ అక్కడే ఆగిన. వాయించేటోళ్లను నా చేతులతోనే ఫ్రేమ్ బయటికి నెట్టిన. ఏ ఫోటోగ్రఫీ క్లాసులోనూ ఈ తప్పు నాకు చెప్పరు. ఆ పండుగ తెలిసినోళ్లే చెప్పాలె. అంటే మనమే.

కాబట్టి ఈసారి ఎవరి ఫోటో చూసినా నిప్పు బొమ్మ పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగి, ఒక్క పనికొచ్చే మాట రాయండి. నా ఫోటోలతోనే మొదలుపెట్టండి, నేను అలగను.

తమ్ముడూ, ఇది నువ్వు చదువుతుంటే, ఇప్పపువ్వు ఫోటో మళ్లీ పంపు. ఈసారి సరిగ్గా చూస్త.

జై ఆదివాసీ.